కత్తి పట్టిన పిల్లకు కాలేజీ సీటు వస్తుందా?

ఈఏపీసెట్ ర్యాంకులు వచ్చే రోజుల్లో హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ఇళ్లలో ఒక ప్రశ్న వినబడుతుంది: ‘స్పోర్ట్స్ కోటాలో ఏమైనా వస్తుందా?’ కబడ్డీ, ఖోఖో, హాకీ ఆడి, నాలుగు సర్టిఫికెట్లు ఫైల్లో పెట్టుకున్న పిల్లల తల్లిదండ్రులు అడిగే ప్రశ్న ఇది. దీన్నే తిప్పి, ముందుగానే అడిగేవాళ్లూ ఉన్నారు. పిల్ల ఆరో తరగతిలో ఉండగానే, ‘ఏ ఆటలో వేస్తే పోటీ తక్కువ? ఏ ఆట సర్టిఫికెట్ సీటుకు పనికొస్తుంది?’ అని. ఆ మాట వచ్చినప్పుడు ఫెన్సింగ్ పేరు కూడా వస్తుంది. ఆడేవాళ్లు తక్కువ, ఒలింపిక్స్‌లో ఉన్న ఆట, పైగా అమెరికాలో పెద్ద పెద్ద యూనివర్సిటీలు ఈ ఆటగాళ్లను పిలిచి సీట్లిస్తాయని అక్కడున్న బంధువులు చెబుతారు.

ఈ ఆశలో కొంత నిజముంది, కొంత లెక్క తప్పింది. సీటు కోసమే ఆట మొదలుపెడితే మన రాష్ట్రంలో ఆ లెక్క కుదరదు. కానీ నిజంగా ఆడిన పిల్లకు రావలసిన సీటు, నిబంధనలు తెలియక చేజారితే అది అన్యాయం. ఈ రెండు మాటలూ కలిపి చూస్తేనే స్పోర్ట్స్ కోటా అర్థమవుతుంది.

ఆట ఎలా ఉంటుంది

ఫెన్సింగ్‌లో మూడు రకాల కత్తులుంటాయి: ఫాయిల్, ఎపే, సేబర్. ఒక్కో కత్తికి ఒక్కో నియమం. ఫాయిల్‌లో మొండెం మీద, కత్తి మొనతో గుచ్చితేనే పాయింటు. ఎపేలో తల నుంచి పాదం వరకు ఎక్కడ తగిలినా పాయింటే. ఇద్దరూ ఒకేసారి తగిలించుకుంటే ఇద్దరికీ పాయింటు వస్తుంది. సేబర్‌లో నడుము పైభాగం లక్ష్యం. మొనతో పొడవొచ్చు, అంచుతో కొట్టొచ్చు. ఫాయిల్, సేబర్ కత్తులు 500 గ్రాములకు, ఎపే 770 గ్రాములకు మించకూడదు. ఆట జరిగే పట్టీని పిస్ట్ అంటారు. పొడవు 14 మీటర్లు, వెడల్పు రెండు మీటర్లకు మించదు. మొదటి దశలో ఐదు పాయింట్ల ఆట, నాకౌట్‌లో పదిహేను పాయింట్ల ఆట.

పాయింటు వచ్చిందో లేదో చెప్పేది ముందుగా యంత్రం. ఎపే కత్తి మొనలో చిన్న బటన్ ఉంటుంది. ప్రత్యర్థి ఒంటికి తగిలినప్పుడు కనీసం 750 గ్రాముల ఒత్తిడి పడితేనే అది నొక్కుకుంటుంది. కత్తిలోంచి వచ్చే తీగ చొక్కా లోపలి నుంచి వెళ్లి, వెనక ఉన్న రీలుకు కలుస్తుంది. అక్కడి నుంచి స్కోరు పెట్టెకు వెళ్లి దీపం వెలుగుతుంది. ఇద్దరి బటన్ల మధ్య సెకనులో ఇరవై ఐదో వంతు కంటే తక్కువ తేడా ఉంటే రెండు దీపాలూ వెలుగుతాయి. ఫాయిల్, సేబర్‌లలో అయితే లక్ష్యం ఎంతవరకో అంతవరకు లోహపు దారంతో నేసిన పైచొక్కా కూడా వేసుకోవాలి. మాస్కు, గ్లవ్, లోపలి రక్షణ చొక్కా ఎలాగూ తప్పవు.

ఇంత వివరంగా చెప్పడానికి కారణం ఖర్చు. కబడ్డీకి మట్టి నేల చాలు. ఫెన్సింగ్‌కు కత్తి, తీగ, చొక్కా, మాస్కు, స్కోరు పెట్టె కావాలి. కత్తి బ్లేడు ఆడుతూ ఆడుతూ విరుగుతుంది, మళ్లీ కొనాలి. అన్నిటికంటే ముఖ్యంగా, పాఠం చెప్పే కోచ్, రోజూ ఎదురు నిలబడి ఆడే సమవుజ్జీలు కావాలి. ఒంటరిగా గోడకు కొట్టి నేర్చుకునే ఆట కాదిది.

అమెరికాలో ఇది సీటుకు దారి ఎలా అయింది

అమెరికా కాలేజీ క్రీడలను నడిపే ఎన్‌సీఏఏ పరిధిలో ఫెన్సింగ్ జట్లున్న విద్యాసంస్థలు నలభై పైచిలుకు మాత్రమే. జాతీయ ఛాంపియన్‌షిప్‌లో పాల్గొనేది ఆడ, మగ కలిపి 144 మంది. సంఖ్య చిన్నదే, కానీ ఆ జాబితాలో హార్వర్డ్, ప్రిన్స్‌టన్, కొలంబియా, యేల్, స్టాన్‌ఫర్డ్ లాంటి పేర్లున్నాయి. అక్కడి కోచ్ తనకు కావలసిన ఆటగాళ్ల పేర్లు ప్రవేశాల విభాగానికి ఇవ్వగలడు. ఆ మాటకు బరువెంతో 2018లో హార్వర్డ్ ప్రవేశాలపై జరిగిన కోర్టు విచారణలో బయటపడింది. కోచ్‌లు ఎంచుకున్న ఆటగాళ్లలో దాదాపు 86 శాతం మందికి సీటు దొరికింది. మామూలు దరఖాస్తుదారులకు ఆ అవకాశం ఆరు శాతం లోపే.

ఈ 86 శాతం చూసి మోసపోకూడదు. కోచ్ కంటపడేలోగానే వేలమంది రాలిపోయారు. ఆ జాబితాలో నిలవాలంటే దేశవ్యాప్త పోటీల్లో పాయింట్లు, పైస్థాయి రేటింగు, దాంతోపాటు ఆ యూనివర్సిటీ ఒప్పుకునే మార్కులు ఉండాలి. పదేళ్ల వయసు నుంచి ప్రైవేటు పాఠాలు, వారాంతాల్లో విమానాల్లో పోటీలకు ప్రయాణాలు, వీటికి పెట్టే డబ్బు వేరు. పైగా హార్వర్డ్ ఉన్న ఐవీ లీగ్ యూనివర్సిటీలు ఎనిమిదీ ఆట కోసం స్కాలర్‌షిప్ ఇవ్వవు. కుటుంబ ఆదాయాన్ని బట్టే సాయం చేస్తాయి.

ఈ దారి నిలకడైనదీ కాదు. 2020 జూలైలో స్టాన్‌ఫర్డ్ ఫెన్సింగ్‌తో సహా 11 ఆటలను రద్దు చేస్తున్నట్టు ప్రకటించింది. పెద్ద ఆందోళన తర్వాత 2021 మేలో ఆ నిర్ణయాన్ని వెనక్కి తీసుకుంది. ఆ పది నెలలూ ఆ జట్టు ఆటగాళ్ల భవిష్యత్తు గాల్లో ఉంది. 2020 నవంబరులో, ఇద్దరు కొడుకుల ప్రవేశం కోసం ఒక తండ్రి హార్వర్డ్ ఫెన్సింగ్ కోచ్‌కు 15 లక్షల డాలర్లకు పైగా లంచం ఇచ్చాడని కేసు పెట్టారు. 2022 డిసెంబరులో జ్యూరీ ఆ తండ్రినీ, కోచ్‌నూ నిర్దోషులుగా తేల్చింది. తీర్పు ఏదైనా, కోచ్ మాటతో సీటు వచ్చే పద్ధతిలో అనుమానానికి ఎంత చోటుందో ఆ కేసు చూపింది.

మన రాష్ట్రంలో లెక్క

మన దగ్గర కోచ్ పిలిచి సీటివ్వడం ఉండదు. ఇక్కడ ఉన్నది రిజర్వేషన్. ఈఏపీసెట్ ద్వారా భర్తీ అయ్యే ఇంజనీరింగ్ సీట్లలో క్రీడాకారుల వాటా 0.5 శాతం. ఇది కౌన్సెలింగ్ ద్వారా నింపే కన్వీనర్ కోటాకే వర్తిస్తుంది.

ఒక ప్రైవేటు కాలేజీలో ఒక బ్రాంచిలో 60 సీట్లున్నాయనుకుందాం. అందులో 70 శాతం, అంటే 42 సీట్లు కన్వీనర్ కోటా. 42లో 0.5 శాతం 0.21. అంటే ఒక్క సీటు కూడా కాదు. రెండువందల కన్వీనర్ సీట్లు పోగైతే తప్ప ఒక క్రీడా సీటు పుట్టదు. పదివేల కన్వీనర్ సీట్లకు యాభై. ఆ యాభై ఓసీ, బీసీ, ఎస్సీ, ఎస్టీ వర్గాల వారీగా పంచుకోవాలి. మన ప్రాంతం పిల్లలు ఎస్వీయూ పరిధిలో స్థానికులు కాబట్టి ఆ విభజనా ఉంటుంది. ఇంత చేసి, ఆ సీట్లు ఫెన్సింగ్‌కు ప్రత్యేకించినవి కావు. అథ్లెటిక్స్, కబడ్డీ, హాకీ, చెస్, ఆర్చరీ ఆడినవాళ్లందరూ వాటికే పోటీ.

వరుస ఎవరు నిర్ణయిస్తారు? అభ్యర్థి ముందు ఈఏపీసెట్‌లో అర్హత పొందాలి. తర్వాత ప్రత్యేక కేటగిరీ సర్టిఫికెట్ల పరిశీలనకు ఒరిజినల్స్‌తో స్వయంగా హాజరు కావాలి. ఆ కాగితాలను, అందరం శాప్ అని పిలిచే ఆంధ్రప్రదేశ్ క్రీడా ప్రాధికార సంస్థ పరిశీలించి స్థాయిని బట్టి ప్రాధాన్య క్రమం ఇస్తుంది. దేశం తరఫున ఆడి పతకం తెచ్చినవాళ్లు పైన, జాతీయ పతకాలు ఆ తర్వాత, పాల్గొన్న సర్టిఫికెట్లు ఇంకా కింద. 

‘పోటీ తక్కువ’ అన్న ఆశ ఇక్కడే తడబడుతుంది. జిల్లాలో ఫెన్సింగ్ ఆడేవాళ్లు పదిమందే ఉంటే జిల్లా పతకం తేలికే. కానీ ప్రాధాన్య క్రమంలో జిల్లా పతకం పెద్దగా పనిచేయదు. జాతీయ స్థాయికి వెళ్తే ఎదురయ్యేది పంజాబ్, హరియాణా, మణిపూర్, తమిళనాడు, కేరళ పిల్లలు. ఏళ్ల తరబడి ఎలక్ట్రిక్ పిస్ట్ మీద రోజూ సాధన చేసినవాళ్లు. తక్కువ పోటీ అనేది మొదటి మెట్టు మీదే. పై మెట్లు అన్ని ఆటల్లోనూ కఠినమే.

ఇక ఐఐటీల సంగతి. మద్రాస్ ఐఐటీ 2024-25 విద్యాసంవత్సరం నుంచి క్రీడాకారులకు ప్రత్యేక ప్రవేశం మొదలుపెట్టింది. ప్రతి బీటెక్, బీఎస్ కోర్సులో రెండు అదనపు సీట్లు, అందులో ఒకటి అమ్మాయిలకు. గడచిన నాలుగేళ్లలో జాతీయ లేదా అంతర్జాతీయ పతకం ఉండాలి, జేఈఈ అడ్వాన్స్‌డ్ ర్యాంకు జాబితాలోనూ పేరుండాలి. అయితే అది మొదలైనప్పుడు ప్రకటించిన ఆటల జాబితాలో ఫెన్సింగ్ లేదు. ఆట ఒలింపిక్స్‌లో ఉన్నంత మాత్రాన ప్రతి ప్రవేశ పథకంలోనూ ఉంటుందనుకోకూడదు. దరఖాస్తు చేసే ఏడాది నోటిఫికేషన్‌లో ఆట పేరు వెతుక్కోవడం తల్లిదండ్రుల మొదటి పని.

కాగితం విలువ

సర్టిఫికెట్ చేతికొచ్చిన రోజే దాన్ని లాయరు పత్రం చదివినట్టు చదవాలి. పిల్ల పేరు, ఇంటిపేరు పదో తరగతి మెమోలో ఉన్నట్టే ఉన్నాయా? పుట్టిన తేదీ సరిపోయిందా? పోటీ పేరు, జరిగిన ఊరు, తేదీలు, వయోవిభాగం, కత్తి రకం, వ్యక్తిగతమా జట్టా, వచ్చిన స్థానం అన్నీ రాశారా? సంతకం పెట్టింది ఎవరు? ఆ సంఘానికి గుర్తింపు ఉందా?

చివరి రెండు ప్రశ్నలే ప్రాణం. పాఠశాలల ఆటలను స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా అండర్-14, 17, 19 విభాగాల్లో నడుపుతుంది. ఫెన్సింగ్ కూడా అందులో ఉంది. రెండో దారి 1974లో ఏర్పడిన ఫెన్సింగ్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా, దానికి అనుబంధమైన రాష్ట్ర సంఘం. కాలేజీలోకి వెళ్లాక అంతర్ విశ్వవిద్యాలయ పోటీలు, ఖేలో ఇండియా యూనివర్సిటీ గేమ్స్ మూడో దారి. ఈ మూడింటికి బయట, ‘నేషనల్’, ‘ఇంటర్నేషనల్’ అని పేరు తగిలించుకుని, ఎంట్రీ ఫీజు కట్టించుకుని పతకాలు పంచే ప్రైవేటు టోర్నీలుంటాయి. ఆ సర్టిఫికెట్ గోడకు అందం, కౌన్సెలింగ్‌లో సున్నా.

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో స్పోర్ట్స్ కోటాకు పోటీ స్థాయిని బట్టి వేర్వేరు ఫారాలుంటాయి. అంతర్జాతీయ పోటీకి జాతీయ ఫెడరేషన్ ఇచ్చేది ఫారం-1. జాతీయ పోటీకి రాష్ట్ర సంఘం ఇచ్చేది ఫారం-2. అంతర్ విశ్వవిద్యాలయ పోటీకి యూనివర్సిటీ క్రీడా విభాగం ఇచ్చేది ఫారం-3. జాతీయ పాఠశాల క్రీడలకు విద్యాశాఖ ఇచ్చేది ఫారం-4. ఆడిన ఏడాదే వీటిని నింపించుకుంటే పని అరగంట. ఐదేళ్ల తర్వాత, పీఈటీ సారు బదిలీ అయ్యాక, సంఘం కార్యదర్శి మారాక తిరిగితే నెలలు పడుతుంది. పదో తరగతి కూడా దాటని తల్లిదండ్రులకు ఈ సంగతి ఎవరూ చెప్పరు. పల్లె పిల్లలు ఆటలో కాదు, ఇక్కడ ఓడిపోతున్నారు.

సామర్లకోట మూలాలున్న భవానీ దారి

మన దేశం నుంచి ఒలింపిక్స్ ఫెన్సింగ్‌కు అర్హత సాధించిన మొదటి మనిషి చదలవాడ ఆనంద సుందరరామన్ భవానీ దేవి. పుట్టింది 1993లో చెన్నైలో, తెలుగు కుటుంబంలో. తండ్రి పురోహితుడు, ఆయన స్వస్థలం సామర్లకోట. 2004లో ఆమె బడిలో పిల్లలకు ఆటలు పంచుతుంటే మిగతా ఆటల్లో ఖాళీల్లేక ఫెన్సింగ్ దక్కింది. ఎలక్ట్రిక్ కత్తులు ఖరీదు కాబట్టి మొదట్లో సాధన వెదురు కర్రలతోనే. 2007లో టర్కీలో మొదటి అంతర్జాతీయ పోటీకి మూడు నిమిషాలు ఆలస్యంగా చేరినందుకు బ్లాక్ కార్డు చూపి పక్కనపెట్టారు. 

పదో తరగతి తర్వాత ఆమె కేరళలోని తలశ్శేరిలో భారత క్రీడా ప్రాధికార సంస్థ (సాయ్) కేంద్రంలో చేరి, అక్కడి ప్రభుత్వ బ్రెన్నెన్ కాలేజీలో చదివింది. గమనించవలసింది ఇదే. ఆట ఆమెకు పేరున్న కాలేజీలో సీటు తెచ్చిపెట్టలేదు. ఆట ఎక్కడ నేర్పుతారో అక్కడికి ఆమె చదువు వెళ్లింది. టోక్యో ఒలింపిక్స్‌లో, 2021 జూలై 26న, ట్యునీషియాకు చెందిన నాదియా బెన్ అజీజీని 15-3తో గెలిచి, తర్వాతి ఆటలో ఫ్రాన్స్ క్రీడాకారిణి మానన్ బ్రూనే చేతిలో 7-15తో ఓడింది. 2023 జూన్‌లో చైనాలోని వూషీలో ఆసియా ఛాంపియన్‌షిప్ క్వార్టర్‌ఫైనల్లో ప్రపంచ ఛాంపియన్ మిసాకి ఎమురాను 15-10తో ఓడించి కాంస్యం తెచ్చింది. ఆ పోటీల్లో భారత్‌కు అదే మొదటి పతకం. వెదురు కర్ర నుంచి ఆ పతకం దాకా పందొమ్మిదేళ్లు. సీటు మీదే చూపు పెట్టిన పిల్ల ఆరేడేళ్లలో ఆపేస్తుంది, ఎందుకంటే ఇంటర్ అయిపోతుంది.

మన మూడు ఊళ్లకు ఉన్న దారులు

ధర్మవరంలో మగ్గం నేసే ఇంట్లో ఏడో తరగతి చదువుతున్న అమ్మాయి ఉందనుకుందాం. చురుకైన కాళ్లు, రెప్పపాటులో స్పందించే కళ్లు. ఆమెకు, అలాంటి పిల్లలకు ఏ దారులున్నాయి?

మొదటిది, దగ్గర్లో నేర్పేవాళ్లున్న ఆట. ధర్మవరానికి హాకీ కొత్త కాదు. అనంతపురంలో ఆర్డీటీ అనే స్వచ్ఛంద సంస్థ 2000లో మొదలుపెట్టిన స్పోర్ట్స్ విలేజ్ ఉంది. అక్కడే 2010లో నాదల్ ఫౌండేషన్ టెన్నిస్ బడి తెరిచింది. కోచ్ ఉన్న హాకీ, కోచ్ లేని ఫెన్సింగ్ కంటే ఎన్నో రెట్లు మేలు, కోటా లెక్కలోనైనా సరే.

రెండోది, ఆట ద్వారా బడిలోనే ప్రవేశం. కడప పుట్లంపల్లిలోని ప్రభుత్వ క్రీడా పాఠశాలలో పిల్లలను నాలుగో తరగతిలోనే తీసుకుంటారు. ఇలాంటి బడుల ఎంపికలో చూసేది సర్టిఫికెట్లు కాదు, ఒంటి సత్తా: పరుగు, నిలబడి దూకే దూరం, షటిల్ రన్, మెడిసిన్ బాల్ విసరడం. పేద ఇంటి పిల్లలకు ఇంతకంటే న్యాయమైన ప్రవేశ పరీక్ష నాకు కనబడదు. మన అమ్మాయికి ఆ వయసు దాటింది. ఆమె తమ్ముడికో చెల్లెలికో ఇంకా ఉండొచ్చు.

మూడోది, అబ్బాయిలకు సైన్యం నడిపే బాయ్స్ స్పోర్ట్స్ కంపెనీలు. 8 నుంచి 14 ఏళ్ల లోపు పిల్లలను చేర్చుకుని చదువు, ఆట, భోజనం చూసుకుంటాయి. పుణెలోని ఆర్మీ స్పోర్ట్స్ ఇన్‌స్టిట్యూట్ తయారుచేసే ఆటల్లో ఫెన్సింగ్ ఉంది. 

నాలుగోది, డిగ్రీకి వెళ్లాక. అమృత్‌సర్ గురునానక్ దేవ్ యూనివర్సిటీ లాంటివి క్రీడల్లో అత్యుత్తమ యూనివర్సిటీకిచ్చే మౌలానా ఆజాద్ ట్రోఫీని పదేపదే గెలిచాయి. అంతర్ విశ్వవిద్యాలయ పతకాల కోసం ఆటగాళ్లకు ఫీజు, హాస్టల్ రాయితీలిచ్చే యూనివర్సిటీలు దేశంలో చాలా ఉన్నాయి. మన దేశంలో అమెరికా పద్ధతికి కొంత దగ్గరగా ఉన్నది ఇదే.

ఐదోది ఉద్యోగం. రాష్ట్రంలో క్రీడా రిజర్వేషన్‌కు గుర్తించిన పాత 29 ఆటల జాబితాలోనే ఫెన్సింగ్ ఉంది. 2024 నవంబరులో వచ్చిన కొత్త క్రీడా విధానం ఉద్యోగాల్లో క్రీడల వాటాను 2 నుంచి 3 శాతానికి పెంచింది. 2025 మెగా డీఎస్సీలో 16,347 టీచర్ పోస్టులుంటే 421 క్రీడా కోటాకు వెళ్లాయి. ఇంజనీరింగ్ సీట్లలో 0.5 శాతం పక్కన ఈ మూడు శాతం పెట్టి చూడండి. ఆట ఫలితం మన దగ్గర పద్దెనిమిదో ఏట కంటే పాతికో ఏట ఎక్కువగా అందుతుంది. అప్పటిదాకా ఆడుతూ ఉండాలి, అంతే.

ఏం చేయాలి

తల్లిదండ్రులు ఆట ఎంచుకునే ముందు మూడు సంగతులు చూడాలి. రోజూ సాయంత్రం వెళ్లి వచ్చేంత దూరంలో కోచ్ ఉన్నారా? పిల్ల పిలవకుండానే బూట్లు వేసుకుంటోందా? ఇంటి ఆదాయం కిట్టును, ప్రయాణాన్ని ఐదారేళ్లు మోయగలదా? మూడింటికీ అవునంటే ఫెన్సింగ్ అయినా, ఏదైనా సరే చేర్చండి. సీటు వస్తే సంతోషం, రాకపోయినా పోయేదేమీ లేదు. ఎంసెట్ కోచింగ్ రోజుల నుంచీ మన ఊళ్లలో ఇంటర్ రాగానే ఆట మాన్పించడం అలవాటైపోయింది. అండర్-19 పాఠశాల జాతీయ పోటీలు సరిగ్గా ఆ రెండేళ్లలోనే వస్తాయి. అప్పుడు మాన్పిస్తే అంతకుముందు పడిన కష్టం కోటాకు కూడా పనికిరాదు.

ప్రభుత్వం చేయవలసిందీ ఉంది, అది పెద్ద ఖర్చు కాదు. ఫెన్సింగ్ పిస్ట్ పొడవు 14 మీటర్లు. బ్యాడ్మింటన్ కోర్టు పొడవు 13.4 మీటర్లు. చుట్టూ కాస్త ఖాళీ ఉన్న ఏ ఇండోర్ బ్యాడ్మింటన్ హాల్లోనైనా ఈ ఆట ఆడొచ్చు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మూడింటికీ కలిపి ఒక హాలు, రెండు ఎలక్ట్రిక్ సెట్లు, పిల్లలకు అరువిచ్చే ఇరవై కిట్లు, వారానికి మూడు రోజులు వచ్చే కోచ్ ఉంటే చాలు, మగ్గం ఇంటి పిల్లకూ కియా కార్ల ఫ్యాక్టరీ ఇంజనీరు బిడ్డకూ ఒకే పిస్ట్ దొరుకుతుంది. బెంగళూరుకు వంద కిలోమీటర్ల దూరంలో ఉన్న హిందూపురానికి కోచ్‌ను రప్పించడం అసాధ్యమేమీ కాదు. ఇక శాప్ ఇచ్చే ప్రాధాన్య క్రమం, ఎవరికి ఏ పోటీ సర్టిఫికెట్ మీద ఏ స్థానం వచ్చిందో, ప్రతి ఏడాదీ అందరికీ కనబడేలా పెట్టాలి. తన కూతురు ఎందుకు వెనకబడిందో తండ్రికి తెలియాలి. నకిలీ కాగితం ఉంటే పక్కనే ఆడిన పిల్ల గుర్తుపట్టగలగాలి.

కోటా అనేది ఆడినవాళ్లకు ఇచ్చే గౌరవం. దాన్ని ఆట మొదలుపెట్టడానికి కారణంగా చేసుకుంటే పిల్లకు ఆటా మిగలదు, సీటూ దక్కదు. ముందు హాలు, కోచ్, కిట్టు ఇద్దాం. ఆడిన పిల్ల కాగితాలు ఆడిన ఏడాదే సరిచేసిద్దాం. అప్పుడు ఆ 0.5 శాతం ఎంత చిన్నదైనా, నిజంగా అర్హులైనవాళ్లకే చేరుతుంది.